తొలి మారథాన్ సాధనలో విరామ శిక్షణ: ఎదురుదెబ్బలు – కారణాలు – దిద్దుబాట్లు

వ్యాససంగ్రహం:

మారథాన్ పరుగుకు తొలిసారి సిద్ధమయ్యేవారు వేగం పెంచుకోవడానికి ఇంటర్వెల్ ట్రైనింగ్‌ను, అంటే విరామ శిక్షణను ఆశ్రయిస్తారు. సాధన సగానికి వచ్చేసరికి వీరిలో కొందరు గాయం వల్లనో, తీరని అలసట వల్లనో, వేగం కుంటుపడడం వల్లనో ఆగిపోతారు. ఈ ఎదురుదెబ్బలకు పట్టుదల లేకపోవడమే కారణమనే అభిప్రాయం సాధకులలో బలంగా ఉంది. శరీరంలోని వేర్వేరు కణజాలాలు వేర్వేరు వేగాలతో శిక్షణకు అలవాటుపడడం, విరామ శిక్షణలో విరామానికి ఉన్న పాత్రను గుర్తించకపోవడం, వేడి, రక్తహీనత వంటి స్థానిక పరిస్థితులను లెక్కలోకి తీసుకోకపోవడం అసలు కారణాలని ఈ వ్యాసం వివరిస్తుంది. వ్యాయామశాస్త్ర పరిశోధనల ఫలితాలను, విరామ శిక్షణ చరిత్రను, ఒక ఊహాత్మక ఉదాహరణను ఆధారంగా చేసుకొని, ఎదురుదెబ్బను గుర్తించే పద్ధతిని, తిరిగి సాధనలోకి వచ్చే క్రమాన్ని సూచించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: మారథాన్, విరామ శిక్షణ, ఎముక ఒత్తిడి గాయాలు, అతిశిక్షణ, రక్తహీనత, ఉష్ణ అనుకూలనం, జాటోపెక్.

1. ఉపోద్ఘాతం:

మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరిగెత్తిన ఈ దూరాన్నే 1921లో అంతర్జాతీయ అథ్లెటిక్ సమాఖ్య ప్రమాణంగా స్థిరపరచింది. ఒకప్పుడు క్రీడాకారులకే పరిమితమైన ఈ పరుగులో నేడు ఉద్యోగులు, అధ్యాపకులు, పరిశోధక విద్యార్థులు, గృహిణులు కూడా పాల్గొంటున్నారు. హైదరాబాదులో ఏటా ఆగస్టు చివరి భాగంలో జరిగే మారథాన్ తెలుగు ప్రాంతంలో ఎందరికో తొలి అనుభవం.

వీరిలో చాలామందికి బాల్యం నుంచి క్రీడాశిక్షణ లేదు. పుస్తకాలు, మొబైల్ అనువర్తనాలు, తోటి పరుగరుల సలహాలే వీరికి గురువులు. అక్కడ దొరికే ప్రణాళికలలో వారానికి ఒకటి రెండు రోజులు ‘400 మీటర్లు 8 సార్లు’, ‘800 మీటర్లు 6 సార్లు’ వంటి అభ్యాసాలు కనబడతాయి. ఎంత దూరం, ఎన్నిసార్లు, ఎంత వేగంతో అన్నవి అందరికీ గుర్తుంటాయి. మధ్యలో ఎంతసేపు ఆగాలి, ఆ ముందురోజు ఏం చేసి ఉండాలి, ఏ లక్షణం కనిపిస్తే అభ్యాసాన్ని మానుకోవాలి అన్నవి మాత్రం మరుగున పడతాయి. ఎదురుదెబ్బలు ఎక్కువగా ఈ మరుగున పడిన భాగం నుంచే పుడతాయన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

2. విరామ శిక్షణ – పదం, చరిత్ర:

తెలుగు ప్రేక్షకుడికి ‘ఇంటర్వెల్’ అనగానే తెరపై ‘విశ్రాంతి’ అన్న అక్షరాలు గుర్తుకు వస్తాయి. పరుగు మైదానంలో అదే పదానికి ‘గట్టిగా పరిగెత్తడం’ అన్న అర్థం స్థిరపడింది. నిజానికి సినిమా హాలులోని అర్థమే ఈ శిక్షణ మూలార్థానికి దగ్గరగా ఉంది. ఈ పద్ధతికి ఆ పేరు రెండు పరుగుల నడుమ ఉండే వ్యవధిని బట్టి వచ్చింది.

1930లలో జర్మనీలో శిక్షకుడు వోల్డెమార్ గెర్ష్‌లర్, హృద్రోగ వైద్యుడు హెర్బర్ట్ రైన్‌డెల్ కలిసి ఈ పద్ధతికి శాస్త్రీయ రూపం ఇచ్చారు. గుండె వేగం నిమిషానికి సుమారు 180కి చేరేలా పరిగెత్తించి, అది 120కి దిగేవరకు ఆగి, మళ్లీ పరిగెత్తించడం వారి విధానం. 90 సెకన్లలో గుండె వేగం 120కి దిగకపోతే పరుగు మోతాదు మించిందని వారు భావించేవారు. గుండెను బలపరిచే ప్రేరణ ఆ విరామ సమయంలోనే కలుగుతుందని వారి నమ్మకం. తరువాతి పరిశోధన ఈ వివరణను కొంత సవరించింది. అయినా, ‘విరామమే కొలమానం’ అన్న వారి ఆచరణసూత్రానికి విలువ తగ్గలేదు. గెర్ష్‌లర్ శిష్యుడు రుడాల్ఫ్ హార్బిగ్ 1939లో మిలాన్‌లో 800 మీటర్ల పరుగును 1 నిమిషం 46.6 సెకన్లలో ముగించి నెలకొల్పిన ప్రపంచ రికార్డు 1955 వరకు నిలిచింది.

విరామ శిక్షణను ప్రపంచానికి పరిచయం చేసిన పేరు మాత్రం చెకోస్లోవేకియాకు చెందిన ఎమిల్ జాటోపెక్‌ది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆయన 5,000, 10,000 మీటర్ల పరుగులతో పాటు మారథాన్‌లోనూ స్వర్ణపతకం సాధించాడు. ఆ మారథాన్ ఆయనకు మొట్టమొదటిది. 2 గంటల 23 నిమిషాల 3 సెకన్లలో దానిని పూర్తిచేశాడు. 400 మీటర్ల పరుగును ఒకే రోజున పదుల సంఖ్యలో పునరావృతం చేసే ఆయన అభ్యాసం తరువాతి తరాలకు ఆదర్శమైంది.

ఇక్కడ ఒక విషయాన్ని గమనించాలి. జాటోపెక్ 1941లో, 18 ఏళ్ల వయసులో, పరుగు మొదలుపెట్టాడు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్ల విజేత అయ్యాడు. అంటే ఆయన తొలి మారథాన్ వెనుక 11 ఏళ్ల పరుగు ఉంది. తొలి మారథాన్‌కు 16 వారాలు మాత్రమే కేటాయించుకొన్న సాధకుడు ఆయన పునరావృతాల సంఖ్యను మాత్రం తీసుకొని, దాని వెనుక ఉన్న ఏళ్లను వదిలివేస్తే, ఆ అభ్యాసం పేరు ఒకటే అయినా శరీరానికి అది వేరొక పరీక్ష అవుతుంది. అంతటి జాటోపెక్‌కు కూడా ఎదురుదెబ్బ తప్పలేదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు ముందు హెర్నియా శస్త్రచికిత్స చేయించుకోవలసి వచ్చింది. ఆ మారథాన్‌లో ఆయన ఆరవ స్థానంలో నిలిచాడు.

విరామ శిక్షణ ఆధిపత్యానికి ప్రత్యామ్నాయం న్యూజిలాండ్ నుంచి వచ్చింది. శిక్షకుడు ఆర్థర్ లిడియార్డ్ ముందుగా నెలల తరబడి సుదీర్ఘమైన, నిలకడైన పరుగుతో పునాది వేసి, ఆ తరువాతనే వేగాభ్యాసాన్ని చేర్చాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆయన శిష్యులు పీటర్ స్నెల్ 800 మీటర్లలో, మరే హాల్‌బర్గ్ 5,000 మీటర్లలో స్వర్ణం సాధించగా, బారీ మగీ మారథాన్‌లో కాంస్యం గెలిచాడు. పునాది ముందా, వేగం ముందా అన్న ప్రశ్నకు నేటి శిక్షణశాస్త్రం ఇస్తున్న సమాధానం ఎక్కువగా లిడియార్డ్ పక్షమే. ఉన్నతస్థాయి దూరపరుగరుల శిక్షణను పరిశీలించిన స్టీఫెన్ సైలర్, వారి అభ్యాసాలలో సుమారు 80 శాతం తేలికైన తీవ్రతతోనే సాగుతున్నాయని చూపాడు.

3. శరీరంలోని వేర్వేరు కాలమానాలు:

విరామ శిక్షణ ఫలితమిస్తుందనడంలో సందేహం లేదు. 2007లో హెల్గెరుడ్ బృందం నార్వేలో 40 మంది పురుషులపై 8 వారాల పాటు చేసిన అధ్యయనంలో, 4 నిమిషాల తీవ్రమైన పరుగును 4 సార్లు చేసినవారి గరిష్ఠ ఆక్సిజన్ వినియోగ సామర్థ్యం 7.2 శాతం పెరిగింది. అంతే మొత్తం శ్రమతో నెమ్మదిగా పరిగెత్తినవారిలో చెప్పుకోదగిన పెరుగుదల కనిపించలేదు. తొలి మారథాన్ సాధకుడిని ఆకర్షించేది ఇటువంటి ఫలితమే.

అయితే ఈ అధ్యయనం కొలిచినది గుండె, రక్తప్రసరణల సామర్థ్యాన్ని. ఎముకలు, స్నాయువులు అదే 8 వారాలలో ఏ స్థితికి వచ్చాయన్నది దాని పరిధిలోని ప్రశ్న కాదు. ఈ తేడా చాలా ముఖ్యమైనది. శిక్షణ మొదలైన కొద్ది రోజులలోనే రక్తంలోని ద్రవభాగం పెరుగుతుంది. కొన్ని వారాలలో గుండె ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తాన్ని పంపగలుగుతుంది. కండరాలు కూడా వారాలలోనే మెరుగుపడతాయి. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువు బలపడడానికి నెలలు పడుతుంది. కఠినమైన వ్యాయామం తరువాత తొలి 24 నుంచి 36 గంటలలో స్నాయువులోని కొల్లాజెన్ నిర్మాణం కంటే విచ్ఛిత్తే ఎక్కువగా ఉంటుంది. అందువల్ల రెండు కఠిన అభ్యాసాల మధ్య తగిన ఎడం లేకపోతే, నిర్మాణం విచ్ఛిత్తిని అందుకోలేదు.

ఎముక విషయం ఇంకా సున్నితమైనది. కొత్త ఒత్తిడికి ఎముక ముందుగా పాత పదార్థాన్ని తొలగించుకొంటుంది, ఆ తరువాత కొత్త పదార్థాన్ని నింపుకొంటుంది. తొలగింపు సుమారు మూడు వారాలలో జరిగిపోతుంది. నింపడానికి మూడు నెలలకు పైగా పట్టవచ్చు. ఇల్లు బాగుచేయించేటప్పుడు పాత గోడను పడగొట్టడం ఒక పూట పని, కొత్త గోడ లేపి ఆరనివ్వడం వారాల పని. ఆ మధ్యకాలంలో ఇల్లు మునుపటి కంటే బలహీనంగా ఉంటుంది. ఎముకకు కూడా అటువంటి బలహీనదశ ఉంది.

ఈ రెండు కాలమానాలను పక్కపక్కన పెడితే ఒక వైరుధ్యం బయటపడుతుంది. వేగాభ్యాసం మొదలైన మూడు నాలుగు వారాలకు ఆయాసం తగ్గుతుంది, కాళ్లు తేలికగా అనిపిస్తాయి, సమయాలు మెరుగవుతాయి. సాధకుడికి తాను ఎన్నడూ లేనంత బాగున్నానన్న నమ్మకం కలుగుతుంది. సరిగ్గా ఆ వారాలలోనే ఎముక బలహీనదశలో ఉండవచ్చు. గుండె ఇచ్చే అనుమతిని ఎముక ఇచ్చిన అనుమతిగా పొరబడడమే తొలి సాధకుల గాయాలకు ఒక ప్రధాన కారణం.

4. ఎదురుదెబ్బల వర్గీకరణ:

విరామ శిక్షణలో ఎదురయ్యే ఆటంకాలను వాటి మూలాన్ని బట్టి నాలుగు వర్గాలుగా విభజించవచ్చు.

4.1 కణజాల గాయాలు:

పరుగులో ప్రతి అడుగుకు నేల నుంచి శరీర బరువుకు రెండు మూడు రెట్ల ప్రతిబలం కాళ్లపై పడుతుంది. మడమ వెనుక ఉండే అకిలీస్ స్నాయువుపై పడే బలం దీనికంటే ఎక్కువ. వేగం పెరిగేకొద్దీ పిక్క, మడమ భాగాలపై భారం పెరుగుతుంది. డెన్మార్క్ పరిశోధకుడు రాస్మస్ నీల్సన్ బృందం 2013లో ఒక పరికల్పనను ముందుంచింది. వేగాన్ని హఠాత్తుగా పెంచితే అకిలీస్ స్నాయువు, పిక్క, అరికాలు దెబ్బతినే అవకాశం ఎక్కువ. దూరాన్ని హఠాత్తుగా పెంచితే మోకాలు, ముంగాలి ఎముక బాధపడే అవకాశం ఎక్కువ. నొప్పి ఉన్న చోటును బట్టి ప్రణాళికలో తప్పు ఎక్కడ జరిగిందో వెదకడానికి ఈ విభజన ఒక మార్గం చూపుతుంది.

‘వారానికి 10 శాతం కంటే ఎక్కువ పెంచకూడదు’ అన్న సూత్రం పరుగరులందరికీ తెలిసినదే. 2008లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో 532 మంది కొత్త పరుగరులపై జరిగిన ప్రయోగంలో, ఈ సూత్రం ప్రకారం 13 వారాలు సాధన చేసినవారిలో 20.8 శాతం మంది, సాధారణ పద్ధతిలో 8 వారాలు చేసినవారిలో 20.3 శాతం మంది గాయపడ్డారు. 2014లో నీల్సన్ బృందం 874 మంది కొత్త పరుగరులను పరిశీలించి, రెండు వారాల వ్యవధిలో దూరాన్ని 30 శాతానికి మించి పెంచినవారిలో దూరసంబంధమైన గాయాలు ఎక్కువని గుర్తించింది. ఈ రెండింటిని కలిపి చూస్తే, 10 శాతం సూత్రం రక్షాకవచం కాదనీ, పెద్ద గంతులు మాత్రం ప్రమాదకరమనీ తేలుతుంది. పైగా వారం మొత్తం దూరాన్ని మాత్రమే లెక్కించే ఏ సూత్రమైనా వేగాన్ని చూడదు. 40 కిలోమీటర్ల వారంలో 3.2 కిలోమీటర్లను తేలిక పరుగు నుంచి వేగాభ్యాసానికి మార్చితే, పుస్తకంలో దూరం మారదు. పిక్కపై పడే భారం మారుతుంది.

4.2 తీరని అలసట:

యూరోపియన్, అమెరికన్ క్రీడావైద్య సంస్థలు 2013లో వెలువరించిన ఉమ్మడి ప్రకటన అలసటను మూడు అంచెలుగా గుర్తించింది. కొద్ది రోజుల విశ్రాంతితో తీరి, ఆపై సామర్థ్యాన్ని పెంచేది మొదటిది. ఇది శిక్షణలో భాగమే. వారాలు, నెలలు గడిస్తే గాని తీరనిది, ప్రయోజనమూ లేనిది రెండవది. నెలల తరబడి కొనసాగుతూ నిద్ర, మనఃస్థితి, రోగనిరోధకశక్తి మొదలైనవాటిని కుంగదీసేది మూడవది, అతిశిక్షణ లక్షణసముదాయం. మొదటి దానికీ రెండవదానికీ తేడా ఆరంభంలో తెలియదు. ఎంత విశ్రాంతితో కోలుకొన్నారన్నది చూసిన తరువాతే తెలుస్తుంది. అంటే విశ్రాంతి ఇక్కడ చికిత్సే కాక రోగనిర్ధారణ పరీక్ష కూడా.

ఉద్యోగం చేసే సాధకుడి శరీరం పరుగు అలసటను, నిద్రలేమిని, మూల్యాంకన విధులను, ప్రయాణాలను విడివిడి ఖాతాలలో వేసుకోదు. పరీక్షల వారంలో అదే ‘400 మీటర్లు 8 సార్లు’ అభ్యాసం మామూలు వారంలో కంటే బరువవుతుంది.

4.3 శక్తిలోపం, రక్తహీనత:

తినే ఆహారం వ్యాయామానికి, శరీర నిత్యకృత్యాలకు సరిపోనప్పుడు కలిగే స్థితిని అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం 2014లో ‘క్రీడలలో సాపేక్ష శక్తిలోపం’ అన్న పేరుతో నిర్వచించింది. ఎముక బలం తగ్గడం, స్త్రీలలో నెలసరి క్రమం తప్పడం దీని ముఖ్య లక్షణాలు. పరుగును బరువు తగ్గే మార్గంగా మొదలుపెట్టి, అదే సమయంలో రాత్రి భోజనం మానేసేవారికి ఈ ప్రమాదం ఉంది.

మన దేశంలో దీనికి తోడు రక్తహీనత ఉంది. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మంది రక్తహీనులు. హిమోగ్లోబిన్ తగ్గితే కండరాలకు అందే ఆక్సిజన్ తగ్గుతుంది. తేలిక పరుగులో ఈ లోపం అంతగా బయటపడకపోవచ్చు. తీవ్రమైన పునరావృతాలలో మూడవ చుట్టుకే ఊపిరి అందకపోవడం, విరామంలో గుండె వేగం దిగకపోవడం రూపంలో అది వెలికి వస్తుంది. అటువంటి సాధకురాలికి ‘ఇంకాస్త గట్టిగా ప్రయత్నించు’ అన్న సలహా ఉపకరించదు, హాని కూడా చేయవచ్చు. ఆమెకు ముందుగా కావలసినది సాధారణ రక్తపరీక్ష, వైద్యుని సూచన మేరకు చికిత్స. విఫలమైన అభ్యాసాన్ని బద్ధకంగా కాక లక్షణంగా చూడడం ఎంత అవసరమో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

4.4 మానసిక కారణాలు:

గుంపులో తనకంటే వేగంగా పరిగెత్తేవారితో పోటీపడడం, చేతిగడియారం చూపే అంకెను దాటాలనుకోవడం, తప్పిపోయిన అభ్యాసాన్ని మరుసటి రోజు అదనంగా చేర్చి ‘బాకీ తీర్చడం’ ఈ వర్గంలోకి వస్తాయి. వీటిలో చివరిది ఎక్కువ హానికరం. శరీరం అనారోగ్యంతో గాని, నొప్పితో గాని ఒక అభ్యాసాన్ని తప్పించినప్పుడు, రెండింటిని ఒకే వారంలో చేయడం ఆ శరీరం మోయలేనని చెప్పిన బరువును రెట్టింపు చేయడమే.

5. వేడి – హైదరాబాదు సాధనా కాలపట్టిక:

ఆగస్టు చివరి ఆదివారాలలో ఒకదానికి 16 వారాలు వెనక్కి లెక్కిస్తే సాధన మే మొదటి వారంలో మొదలవుతుంది. అంటే హైదరాబాదులో ఎండలు అత్యధికంగా ఉండే నెలలో పునాది పడుతుంది. జూన్, జూలైలలో వర్షాలతో ఉష్ణోగ్రత తగ్గినా గాలిలో తేమ పెరుగుతుంది. చల్లని దేశాలలో రూపొందిన ప్రణాళికలలోని వేగాలను ఈ కాలపట్టికలో యథాతథంగా అమలుచేయడం అనేక వైఫల్యాలకు మూలం.

వేడిలో గుండె రెండు పనులు చేయాలి. కండరాలకు రక్తం పంపాలి, శరీరాన్ని చల్లబరచడానికి చర్మానికీ పంపాలి. చెమట ఆవిరి అయితేనే శరీరం చల్లబడుతుంది. తేమ ఎక్కువైతే చెమట కారుతుందే గాని ఆవిరి కాదు. అందుచేత అదే వేగానికి గుండె ఎక్కువగా కొట్టుకొంటుంది. 2007లో ఈలీ బృందం మారథాన్ ఫలితాలను విశ్లేషించి, వాతావరణ ఉష్ణభారం పెరిగేకొద్దీ అన్ని స్థాయుల పరుగరులూ నెమ్మదిస్తారనీ, నెమ్మదిగా పరిగెత్తేవారిపై ఈ ప్రభావం మరింత ఎక్కువనీ చూపింది. తొలి సాధకులు ఎక్కువగా ఈ రెండవ వర్గంలోనివారే.

తెల్లవారుజామున ఉష్ణోగ్రత తక్కువ, తేమ ఎక్కువ. సాయంత్రం తేమ తగ్గినా నేల, కట్టడాలు పగటి వేడిని వెలువరిస్తుంటాయి. విశాఖ వంటి తీరనగరాలలో తేమ మరింత బరువు. కనుక వేసవిలో, వర్షారంభంలో విరామ పరుగులను గడియారంతో కాక శ్రమతో కొలవడం మేలు. శరీరం వేడికి అలవాటుపడడానికి సాధారణంగా 10 నుంచి 14 రోజుల క్రమమైన అభ్యాసం పడుతుంది. ఆ రెండు వారాలలో తీవ్రాభ్యాసాలను చేర్చకపోవడం ఉత్తమం. తలతిరగడం, తికమకపడడం, వణుకు, మాట తడబడడం కనిపిస్తే అభ్యాసాన్ని అక్కడే ఆపి, శరీరాన్ని వెంటనే చల్లబరచి వైద్యసహాయం పొందాలి.

6. ఒక ఊహాత్మక ఉదాహరణ:

పై అంశాలన్నీ ఒకే వ్యక్తిలో ఎలా కలుస్తాయో చూపడానికి ఒక కల్పిత ఉదాహరణను పరిశీలిద్దాం. 38 ఏళ్ల అధ్యాపకుడు 5 కిలోమీటర్లను 30 నిమిషాలలో పరిగెత్తగలడు. మారథాన్‌ను 5 గంటలలోపు ముగించాలని అతని కోరిక. అందుకు కిలోమీటరుకు 7 నిమిషాల 6 సెకన్ల వేగం చాలు. పీటర్ రీగెల్ 1981లో ప్రచురించిన సూత్రం ప్రకారం అతని మారథాన్ అంచనా సుమారు 4 గంటల 48 నిమిషాలు. ఈ సూత్రం సాధారణ పరుగరుల విషయంలో మారథాన్ సమయాన్ని తక్కువగా అంచనా వేస్తుందని తరువాతి పరిశోధనలో తేలింది కనుక, 5 గంటల లక్ష్యం అతనికి సమంజసమైనదే.

మొదటి నాలుగు వారాలు అతడు వారానికి 25 నుంచి 30 కిలోమీటర్లు నెమ్మదిగా పరిగెత్తాడు. 5వ వారంలో 400 మీటర్లు 8 సార్లు మొదలుపెట్టాడు. అతని 5 కిలోమీటర్ల వేగం ప్రకారం ఒక్కో చుట్టుకు 2 నిమిషాల 24 సెకన్లు పట్టాలి. గుంపుతో కలిసి 1 నిమిషం 55 సెకన్లలో పరిగెత్తాడు. 7వ వారంలో తనకు ఒంట్లో హాయిగా ఉందని సుదీర్ఘ పరుగును 16 నుంచి 22 కిలోమీటర్లకు పెంచాడు. 8వ వారంలో ముంగాలి ఎముక లోపలి అంచున నొప్పి మొదలై ఒక అభ్యాసం తప్పింది. 9వ వారంలో నొప్పి మాత్ర వేసుకొని రెండు వేగాభ్యాసాలూ పూర్తిచేశాడు. 10వ వారంలో నడిచినా నొప్పి.

ఇతని విషయంలో పట్టుదల లోపించలేదు. లోపించినది లెక్క. మొదటిది, మారథాన్‌లో అతనికి కావలసిన వేగం 7 నిమిషాల 6 సెకన్లు కాగా, సాధనలో కిలోమీటరుకు 4 నిమిషాల 48 సెకన్ల లెక్కన పరిగెత్తాడు. ఆ వేగం అతని లక్ష్యానికి ఏ విధంగానూ అవసరం లేదు. రెండవది, వేగం పెరిగిన వారాలలోనే సుదీర్ఘ పరుగు ఒక్కసారిగా 37.5 శాతం పెరిగింది. మూడవది, 5వ వారంలో మొదలైన కొత్త ఒత్తిడికి 8వ వారం నాటికి ఎముక తొలగింపు దశ ముగింపుకు వచ్చి, నిర్మాణదశ ఇంకా ఆరంభంలోనే ఉంటుంది. నాలుగవది, 8వ వారపు నొప్పి ఒక సందేశం. దానిని మాత్రతో అణచి, అభ్యాసాన్ని రెట్టింపు చేయడంతో సరిదిద్దగల సమస్య సాధనను ఆపవలసిన సమస్యగా మారింది.

అదే వ్యక్తి మొదటి నాలుగు వారాలలో తేలిక పరుగు చివర 20 సెకన్ల చురుకైన పరుగులు నాలుగైదు చేర్చుకొని, 5వ వారంలో 400 మీటర్లను 5 సార్లు, 2 నిమిషాల 24 సెకన్లకు తగ్గకుండా, నడుమ 2 నిమిషాల నడకతో చేసి, సుదీర్ఘ పరుగు పెరిగే వారాలలో వేగాభ్యాసాన్ని పెంచకుండా ఉంచి ఉంటే, శిక్షణ ప్రయోజనంలో అతడు కోల్పోయేది స్వల్పం.

7. గుర్తింపు, దిద్దుబాటు:

7.1 విఫలమైన అభ్యాసాన్ని చదవడం:

ఒక అభ్యాసం కుదరకపోవడం ఎదురుదెబ్బ కాదు. నిద్ర, వేడి, ఆహారం, పని ఒత్తిడి దానికి కారణం కావచ్చు. వరుసగా మూడు అభ్యాసాలలో అదే శ్రమకు వేగం తగ్గడం, విరామంలో గుండె నెమ్మదించకపోవడం, ఉదయపు గుండె వేగం మామూలు కంటే పెరగడం, చిరాకు, నిద్రలేమి కలిసి కనిపిస్తే అది శ్రద్ధ పెట్టవలసిన క్రమం. వయసును 220 నుంచి తీసివేసి గరిష్ఠ గుండె వేగాన్ని లెక్కించే పద్ధతిలో 10కి పైగా స్పందనల తేడా రావచ్చు. కనుక ఆ అంకెను మాత్రమే నమ్ముకోకుండా, ‘మాట పరీక్ష’ను తోడు చేసుకోవాలి. తేలిక పరుగులో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. వేగాభ్యాసంలో రెండు మూడు మాటలకు మించి రాకపోవడం సహజం. విరామం ముగిసేసరికి మళ్లీ వాక్యం పలకగలగాలి.

నొప్పి విషయంలో తేడా గుర్తించాలి. ముంగాలి అంచు వెంబడి 5 సెంటీమీటర్లకు పైగా వ్యాపించిన నొప్పి సాధారణంగా ఎముకపొర ఒత్తిడిని సూచిస్తుంది. వేలికొనతో చూపగలిగినంత చిన్నచోట నొప్పి, ఒంటికాలిపై గెంతితే కలుక్కుమనడం, పరుగు సాగేకొద్దీ పెరగడం, రాత్రి విశ్రాంతిలోనూ బాధించడం ఎముక పగులుకు సూచనలు కావచ్చు. అటువంటప్పుడు పరుగు ఆపి ఎముకల వైద్యుని సంప్రదించాలి. స్నాయువు నొప్పి విషయంలో వెసులుబాటు ఉంది. 10కి 5 మించని నొప్పి, మరుసటి ఉదయానికి మామూలు స్థాయికి వచ్చేదైతే, నియంత్రిత వ్యాయామాన్ని కొనసాగించవచ్చని పునరావాస పరిశోధనలు సూచిస్తున్నాయి. ఈ వెసులుబాటు ఎముక నొప్పికి వర్తించదు.

7.2 కోల్పోయినది ఎంత?

సాధకుడిని తొందరపెట్టేది ‘చేసినదంతా వృథా అవుతుందేమో’ అన్న భయం. 1984లో కోయిల్ బృందం ఏళ్ల తరబడి శిక్షణ పొందినవారిని పూర్తిగా ఆపించి పరిశీలించగా, 21 రోజులకు గరిష్ఠ ఆక్సిజన్ సామర్థ్యం 7 శాతం తగ్గింది. 56 రోజుల తరువాత 16 శాతం తరుగు వద్ద స్థిరపడింది. ఒక వారం విశ్రాంతి వల్ల జరిగే నష్టం స్వల్పమని దీనివల్ల ఊహించవచ్చు. అభ్యాసాల సంఖ్యను గాని, వ్యవధిని గాని మూడింట రెండు వంతులు తగ్గించినా, తీవ్రతను నిలిపితే ఆక్సిజన్ సామర్థ్యం 15 వారాల వరకు నిలుస్తుందని హిక్సన్ పరిశోధనలు చూపాయి. నేలపై తీవ్రత అసాధ్యమైనప్పుడు, వైద్యుడు అనుమతిస్తే, నిలువు సైకిల్ మీదనో, ఈతకొలనులోనో విరామ అభ్యాసం చేసి గుండె సామర్థ్యాన్ని కాపాడుకోవచ్చు. నేల తాకిడి లేనందున ఎముకకు కోలుకొనే అవకాశం దక్కుతుంది.

7.3 తిరిగి వచ్చే క్రమం:

గాయం తరువాత ముందుగా 30 నిమిషాల నొప్పిలేని నడక, తరువాత నడక-పరుగుల మేళవింపు, ఆపై నిరంతర తేలిక పరుగు, ఆ తరువాత చిన్న చురుకు పరుగులు, చివరగా విరామ అభ్యాసం. ముందుగా దూరం, తరువాత వేగం. రెండింటినీ ఒకే వారంలో పెంచకూడదు. తిరిగి మొదలుపెట్టే విరామ అభ్యాసం ఆపిన చోటు నుంచి కాక, దానిలో సగం నుంచి మొదలుకావాలి.

పోటీకి ముందు రెండు వారాలు శిక్షణ పరిమాణాన్ని 41 నుంచి 60 శాతం తగ్గించడం ఉత్తమ ఫలితమిస్తుందని 2007లో బోస్కే బృందం చేసిన విశ్లేషణ తేల్చింది. ఆ రెండు వారాలలో తప్పిపోయిన అభ్యాసాలను పూరించే ప్రయత్నం చేయడం లాభం లేని పని. చివరి 8 వారాలలో 4 వారాలకు మించి పరుగు ఆగితే, ఆ ఏటికి సగం మారథాన్‌తో సరిపెట్టుకోవడమో, మరో పోటీని ఎంచుకోవడమో వివేకమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారు, కుటుంబంలో గుండెజబ్బు చరిత్ర ఉన్నవారు తీవ్రాభ్యాసం మొదలుపెట్టక ముందే వైద్యపరీక్ష చేయించుకోవాలి.

8. ముగింపు:

మారథాన్‌కు కావలసిన శక్తిలో అత్యధిక భాగం ఆక్సిజన్ సహాయంతోనే పుడుతుంది. కనుక తొలి మారథాన్‌కు సుదీర్ఘమైన నెమ్మది పరుగు మూలధనం. విరామ శిక్షణ దానిపై వచ్చే వడ్డీ వంటిది. వడ్డీ కోసం మూలధనాన్ని పణంగా పెట్టడం వల్లనే చాలా ఎదురుదెబ్బలు కలుగుతున్నాయి. ఈ పరిశీలనలో తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

• విరామ శిక్షణలో విరామం ఖాళీ సమయం కాదు. మోతాదు సరిపోయిందో మించిందో చెప్పే కొలమానం.

• గుండె వారాలలో, స్నాయువులు, ఎముకలు నెలలలో బలపడతాయి. ‘ఎన్నడూ లేనంత బాగుంది’ అనిపించే దశలోనే ఎక్కువ జాగ్రత్త అవసరం.

• వారపు దూరాన్ని మాత్రమే లెక్కించే సూత్రాలు వేగభారాన్ని చూపవు. దూరం, వేగం ఒకేసారి పెరగకూడదు.

• ఆగస్టు మారథాన్‌కు సిద్ధమయ్యే తెలుగు సాధకులు వేసవి అభ్యాసాలను గడియారంతో కాక శ్రమతో కొలుచుకోవాలి.

• పదేపదే విఫలమయ్యే అభ్యాసం రక్తహీనతకు, శక్తిలోపానికి లక్షణం కావచ్చు. ముఖ్యంగా స్త్రీల విషయంలో రక్తపరీక్ష ప్రణాళికలో భాగం కావాలి.

• తప్పిన అభ్యాసాన్ని పూరించే ప్రయత్నం చేయకూడదు. ఒక వారం విశ్రాంతి వల్ల కలిగే నష్టం, గాయంతో పరిగెత్తడం వల్ల కలిగే నష్టం కంటే చాలా తక్కువ.

మన కళాశాలల్లో వ్యాయామవిద్య ఎక్కువగా విద్యార్థి క్రీడాకారుల కోసం ఉద్దేశించినది. నడివయసులో పరుగు మొదలుపెట్టేవారికి తెలుగులో శాస్త్రీయమైన మార్గదర్శక సాహిత్యం అవసరం పెరుగుతున్నది. తెలుగు నేలపై, ఇక్కడి వేడిలో, ఇక్కడి ఆహారంతో సాధన చేసే కొత్త పరుగరులపై క్షేత్రపరిశోధనలకు విస్తృతమైన అవకాశం ఉంది. శారీరక విద్య, పోషకాహార, గృహవిజ్ఞాన విభాగాల పరిశోధకులు ఈ దిశగా దృష్టి సారించవలసి ఉంది.